పెట్టె అడుగున దోమతెర

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధి చివరింటి కుర్రాడు వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. నర్సింగు చదివి అమలాపురంలో రెండేళ్ళు పనిచేశాడు. వచ్చే నెలలో ఉగాండా వెళుతున్నాడట. ఉద్యోగానికి కాదు, ఏడాదిపాటు సేవకు. తిండీ, బసా వాళ్ళిస్తారు. చేతిఖర్చుకు ఏదో కాస్త. మా కోనసీమనుంచి కువైటు, మస్కటు వెళ్ళేవాళ్ళు వీధికి పదిమంది వున్నారు గాని, డబ్బు రాని చోటికి విమానమెక్కి వెళ్ళేవాళ్ళు అరుదు. వాళ్ళమ్మకు యీ సంగతి ఇంకా మింగుడు పడలేదు.

"మాష్టారండీ, తమరు వెళ్ళొచ్చారు గదండీ, ఏమేం పట్టుకెళ్ళమంటారు?" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు సైన్సు మాష్టరుగా బతికినవాణ్ణి, అడిగేవాడు దొరికితే వదులుతానా? ఆఫ్రికా వానలు, అక్కడి మర్యాదలు, తిండి అని వరసగా మొదలుపెట్టబోతున్నాను. ఇంతలో కాఫీ గ్లాసులతో బయటికి వచ్చిన మా ఆవిడ, "ముందు దోమతెర సంగతి చెప్పండి. తక్కినవి తరవాత చెబుదురుగాని" అన్నది.

గొంతు మళ్ళీ సవరించుకోవలసి వచ్చింది.

ఆ సంగతి యీ శీర్షికలో నేనింతవరకు రాయలేదు. కొత్తపేటలో నాకు 'ఆఫ్రికా మాష్టారు' అని ఒక పేరు వున్నది. బజారుకు వెళితే కూరగాయలమ్మి కూడా, "అక్కడ సింహాలు వీధుల్లో తిరుగుతాయాండీ?" అని అడుగుతుంది. అట్లాంటి పేరు గలవాడు సింహం నోట పడ్డానంటే బాగుంటుంది గాని, దోమ నోట పడ్డానంటే ఏం బాగుంటుంది? అదీగాక, ఆ దోమ బొమ్మను ముప్ఫయ్యేళ్ళు నల్లబల్లమీద గీసిన చెయ్యి నాది. క్యూలెక్సు దోమ గోడమీద సమంగా వాలుతుంది, ఎనాఫిలిస్ దోమ తల వంచి తోక పైకెత్తి ఏటవాలుగా వాలుతుంది అని ఎన్ని వందలమంది పిల్లలచేత అప్పజెప్పించుకున్నానో! 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దొరగారు మన సికింద్రాబాదులోనే దోమ కడుపును కోసి అందులో మలేరియా పురుగును చూశాడనీ, అందుకోసం హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని దోమలచేత కుట్టించుకున్నాడనీ, రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చిందనీ చెప్పేటప్పుడు క్లాసంతా నిశ్శబ్దంగా వినేది. హుసేన్ ఖాన్‌కు అణాలైనా దక్కాయి. నాకదీ లేదు.

నేను 2018 జనవరిలో మలావీ దేశం వెళ్ళాను. అప్పటికి రిటైరై రెండేళ్ళు. ఇంట్లో తోచక కాలవగట్టుమీద సాయంకాలం కూర్చుని, రాజకీయాలు మాట్లాడుకునే పెద్దలతో కలిసి నేనూ ముసలివాణ్ణవుతున్నానని భయం వేసింది. పల్లెటూళ్ళ బళ్ళకు సైన్సు, లెక్కలు చెప్పేవాళ్ళు కావాలని ఒక సంస్థ ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. వయసు చూసి తీసుకోరనుకున్నాను, తీసుకున్నారు. మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజున ఆవకాయ జాడీ దించి పొట్లాలు కట్టటం మొదలుపెట్టింది. ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా. వాటితోపాటు రాజమండ్రిలో కొన్న దోమతెర ఒకటి.

"అక్కడ వాళ్ళే ఇస్తారటే" అన్నాను.

"ఇస్తే రెండు వుంటాయి" అన్నది.

దాన్ని నేను పెట్టె అడుగున వేశాను. పైన పుస్తకాలు పేర్చాను.

బొంబాయినుంచి ఎడిస్ అబాబా, అక్కడినుంచి లిలాంగ్వే. అక్కడినుంచి మలావీ సరస్సు ఒడ్డుకు ఒక రోజు ప్రయాణం. ఆ సరస్సు సుమారు 580 కిలోమీటర్ల పొడవు; అవతలి ఒడ్డు చాలాచోట్ల కనపడదు, అలలు మన అంతర్వేది అలల్లాగే విరుగుతాయి, కాని నోట్లో వేసుకుంటే తియ్యటి నీళ్ళు. నన్ను వేసిన వూరు ఎన్‌ఖోటాకోటా జిల్లాలో వుంది. 'కోట' అని వినపడేసరికి ఏదో మనవైపు వూరే అనిపించింది. చుట్టూ మామిడిచెట్లు, అరటి, అక్కడక్కడ వరిమళ్ళు. ఆ వేడి, ఆ ఉక్క, చొక్కా వీపుకు అంటుకుపోవటం, అన్నీ మన కోనసీమవే. వెళ్ళిన మూడోనాడు మా ఆవిడతో ఫోనులో, "ఏమీ తేడా లేదే, మనూరే" అన్నాను. అక్కడికీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. నేను రాత్రి భోజనానికి కూర్చుంటే ఇక్కడ ఆవిడకు అర్ధరాత్రి దగ్గరపడుతూ వుండేది. అయినా మేలుకుని వుండేది.

ఆ 'మనూరే' అన్న మాటే నా కొంప ముంచింది.

కోనసీమవాడికి దోమలంటే లెక్కలేదు. పుట్టిన దగ్గరనుంచి వాటితోనే కాపరం. మాకు తెలిసిన దోమజబ్బు బోదకాలు. మా మేనత్తకు ఎడమ కాలు చిన్న మద్దెలంత వుండేది. ఆవిడ ఆ కాలుతోనే పదిమందికి వండిపెట్టింది. ఆ జబ్బుకు మందు కనిపెట్టించినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ వారి ప్రయోగశాలకు పెద్దగా వుండి హెట్రజాన్ తయారు చేయించారు. ఇప్పుడు ఇంటింటికీ తెచ్చి చేతిలో పెట్టే డి.ఇ.సి. బిళ్ళలు అవే. ఇంటికి తెచ్చిన ఆ బిళ్ళలు కూడా మింగకుండా మేము తులసికోటలో పారేసిన రోజులున్నాయి. ఇక అసలైన మలేరియా అంటారా, అది 'మన్యం జ్వరం'. రంపచోడవరం వైపు బదిలీ అయితే వెనకటి తరం గుమాస్తాలు సెలవు పెట్టేసేవారని వినటమే. అది కొండలమీద వుంటుంది, మనకు రాదు అని ఒక ధీమా.

ఈ ధీమాతో వెళ్ళిన నాకు సంస్థవారు రెండు ఆజ్ఞలిచ్చారు. రాత్రి తప్పకుండా దోమతెర కట్టుకోవాలి. రోజుకొక డాక్సీసైక్లిన్ బిళ్ళ మింగాలి. దోమల దేశంలో అడుగుపెట్టటానికి ముందే మొదలుపెట్టి, విడిచి వచ్చాక కూడా నాలుగు వారాలు. నేను మూడు వారాలు బుద్ధిగా మింగాను. నాకు ఛాతీలో మంట పట్టుకుంది. ఆ బిళ్ళను అన్నం తిన్నాక నిండు గ్లాసుడు నీళ్ళతో వేసుకుని వెంటనే నడుం వాల్చకుండా వుంటే ఆ మంట రాదు. ఆ సంగతి చీటీమీద రాసే వుంది. నేను పడుకునే ముందు గుక్కెడు నీళ్ళతో వేసుకునేవాణ్ణి. చీటీలు చదవమని పిల్లలకు చెప్పటమేగాని మాష్టర్లు చదువుతారా? మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

మరొక కారణం కూడా వున్నది. అది చెప్పటానికి ఎక్కువ సిగ్గు వేస్తుంది. బళ్ళో పనిచేసే తక్కిన ఉపాధ్యాయులెవరూ బిళ్ళలు మింగేవారు కాదు. హెడ్మాష్టరుగారు, ఆయన భార్య, పిల్లలు ఎవరూ మింగరు. వాళ్ళ మధ్య నేనొక్కణ్ణి రోజూ బిళ్ళ మింగుతూ, తెరలో దూరుతూ వుంటే దొరలా వుంటుందేమో, వాళ్ళతో కలిసిపోయినట్టుండదేమో అనుకున్నాను. వాళ్ళకు లేని భయం నాకేమిటి?

వాళ్ళకు భయం లేకపోవటానికి కారణం నాకు తెలుసు. పుస్తకంలో చదివాను, పాఠం చెప్పాను. మలేరియా విస్తారంగా వున్నచోట పుట్టిన పిల్లకు ఏడాదికి ఒకటి రెండు సార్లైనా ఆ జ్వరం వస్తుంది. తట్టుకున్న పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యేసరికి ఒంట్లో కొంత శక్తి ఏర్పడుతుంది. పురుగు రక్తంలో వున్నా చాలాసార్లు మంచాన పడెయ్యదు. తట్టుకోలేనివాళ్ళు పెద్దవాళ్ళు కారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం ఒక్క 2023లోనే మలేరియాతో 5 లక్షల 97 వేలమంది పోయారు; అందులో నూటికి 95 మంది ఆఫ్రికాలోనే, వాళ్ళలో సుమారు ముప్పాతికమంది అయిదేళ్ళలోపు పిల్లలు. హెడ్మాష్టరుగారి ధైర్యం అట్లా సంపాదించుకున్నది. ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఏడుగురు పుట్టి నలుగురు మిగిలారు. నేను సంపాదించిందేమీ లేదు. కోనసీమలో క్యూలెక్సు దోమలు కుట్టినందుకు ఎనాఫిలిస్ దోమ చూసీచూడనట్టు పోదు.

దోమతెర మొదట్లో కట్టుకున్నాను. ఫిబ్రవరి చివర ఉక్కకు లోపల గాలి ఆడక తీసేశాను. వానాకాలం అది, ప్రతి గుంటలోనూ నీళ్ళే.

మార్చి రెండోవారంలో ఒక బుధవారం, ఫారం టూ పిల్లలకు విద్యుత్తు పాఠం చెబుతున్నాను. అక్కడ ఫారం టూ అంటే మన పదో తరగతి. కరెంటు లేని బళ్ళో కరెంటు పాఠం. తలలో ఎవరో మేకు కొడుతున్నట్టు వుంది. ఎండదెబ్బ అనుకుని ఇంటికి వెళ్ళి పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. సాయంకాలానికి తగ్గింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ బిళ్ళ, మళ్ళీ తగ్గింది. జ్వరం వచ్చిన రోజే వేలికి సూది గుచ్చి రక్తపుబొట్టు పరీక్ష చేయించుకుంటే పావుగంటలో తేలిపోయేది. ఊళ్ళో వున్న ఆరోగ్యకేంద్రంలో ఆ పరీక్షపుల్లలు వున్నాయి, మందు వుంది, రెండూ ఉచితమే. నా ఇంటికి ఫర్లాంగు దూరం. కాని అక్కడి వరసలో చంటిపిల్లల తల్లులు తెల్లవారుజామునుంచి కూర్చుని వుంటారు. 'ఈ మాత్రం జ్వరానికి వాళ్ళ చోటు ఆక్రమించటమెందుకు' అనుకున్నాను. అదొక త్యాగం క్రింద లెక్కవేసుకున్నాను కూడాను.

శుక్రవారం రాత్రి చలి పట్టుకుంది. చలి అంటే మనం ధనుర్మాసంలో చూసే చలి కాదు. మంచం కదులుతున్నది. కప్పుకోవటానికి ఏమీ చాలక, పెట్టె తెరిచి పుస్తకాలు విసిరేసి, అడుగున వున్న దోమతెర తీసి కప్పుకున్నాను! దానికి దక్కిన వినియోగం అది. ఆ తరవాత సంగతులు నాకు సరిగ్గా తెలియవు, చెప్పగా విన్నవే. తెల్లవారి హెడ్మాష్టరుగారి భార్య గంజి పట్టుకుని వస్తే, నేను మంచంమీద కూర్చుని తెలుగులో హాజరు పిలుస్తున్నానట. పలకనివాళ్ళను కోప్పడుతున్నానట. ఆవిడకు తెలుగు రాకపోయినా, జ్వరం తలకెక్కితే మనిషి ఎట్లా మాట్లాడతాడో బాగా తెలుసు. గంజి అక్కడే పెట్టి పరుగెత్తింది. మలేరియాను వాళ్ళ చిచేవా భాషలో 'మలుంగో' అంటారు. ఆరోగ్యకేంద్రంలో పుల్లమీద రెండు గీతలు కనపడ్డాయి. బిళ్ళలు ఇస్తే కక్కేశాను. కక్కేవాడికి ఇంజెక్షను కావాలి, తల తిరిగినవాడికి పెద్ద ఆసుపత్రి కావాలి. ఫాల్సిపారం జాతి మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకో, మూత్రపిండాలకో ఎసరు పెట్టగలదు. నేను బుధవారంనుంచి శనివారందాకా తీరిగ్గా కూర్చున్నాను.

ఫోను చేస్తే సంస్థవారి జీపు గంటన్నరలో వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫిబ్రవరిలో మా ఫారం టూ కుర్రాడొకడు నాలుగు రోజులు బడికి రాలేదు. తిరిగి వచ్చాక అడిగితే, తమ్ముడు పోయాడన్నాడు. ఎంత వయసంటే రెండేళ్ళన్నాడు. రాత్రిపూట ఫిట్సు వచ్చాయట. సైకిలు టాక్సీ కట్టించుకుని బయల్దేరారుగాని వానకు దారిలో వాగు పొంగింది. అక్కడ సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళే దాన్ని 'కబాజా' అంటారు. నేను చెయ్యగలిగింది 'పెపాని' అనటం ఒక్కటే. అయ్యో అన్నా, క్షమించమన్నా, జబ్బుమనిషిని పలకరించినా అక్కడ అదే మాట. ఆ పిల్లవాడి కోసం ఏ జీపూ రాలేదు. రప్పించటానికి వాళ్ళ దగ్గర ఎవరి నెంబరూ లేదు.

నన్ను జీపులో పడుకోబెడుతుండగా, ఆరోగ్యకేంద్రం అరుగుమీద ఒక తల్లి మూడేళ్ళ పిల్లను ఒళ్ళో పెట్టుకుని వున్నదట. సరస్సులో పట్టే ఉసిపా అనే చిన్నచేపలను ఎండబెట్టి అమ్ముకునే మనిషి. పిల్లకు కూడా మలుంగోయే; రక్తమంతా విరిగిపోయి అరచేతులు సున్నం కొట్టినట్టు తెల్లగా వున్నాయి. పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చారు గాని, ఎట్లా తీసుకుపోవటం? డ్రైవరు మంచివాడే. కాని వాళ్ళకు నిబంధనలుంటాయి: సంస్థ మనుషులను తప్ప ఇతరులను ఎక్కించరాదు, ఇన్స్యూరెన్సు ఒప్పుకోదు. హెడ్మాష్టరుగారి భార్య ఆ తల్లి భుజం పట్టుకుని లేపి, తలుపు తెరిచి, లోపల కూర్చోబెట్టి తలుపు వేసేసిందట. డ్రైవరేదో అనబోతే, "యీ ముసలాయన ఒక్కడే బండంతా నిండడు" అన్నదట. వెనక రెండుసార్లు ఎముకలు వాచేట్టు దొర్లిన దారిలో, నా కాళ్ళు ఆ తల్లి ఒళ్ళోనే వున్నాయని తరవాత తెలిసింది. ఒక తొడమీద పిల్ల, ఒక తొడమీద నా కాళ్ళు.

పట్టణంలో ఆసుపత్రివారు నాకు ఆర్టెసునేట్ ఇంజెక్షన్లు ఇచ్చారు: చేర్చుకోగానే ఒకటి, పన్నెండు గంటలకు ఒకటి, ఇరవైనాలుగు గంటలకు ఒకటి. రక్తంలో చక్కెర పడిపోతే గ్లూకోజు ఎక్కించారు. ఆ మందు కథ నేను పిల్లలకు చెప్పే కథల్లో చివరిది. యుద్ధకాలంలో సైనికులకోసమని చైనావారు 1967లో మొదలుపెట్టిన పరిశోధనలో, టూ యూయూ అనే ఆవిడ పాత వైద్యగ్రంథాలు తిరగేసింది. ఒక మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలని పదహారు వందల ఏళ్ళనాటి పుస్తకంలో కనపడింది. అయితే వేడి చేస్తే గుణం పోతున్నదన్నమాట అని గ్రహించి, తక్కువ వేడిమీద సారం తీసింది. 1972లో అసలు మందు చేతికి వచ్చింది. 2015లో నోబెల్ బహుమానం. సికింద్రాబాదులో దొరికిన దోషికి చైనాలో దొరికిన శిక్ష అని చెప్పి నేను క్లాసు ముగించేవాణ్ణి. నా చేతి నరంలోకి ఆ శిక్ష చుక్క చుక్కగా దిగుతుంటే, ఆ చమత్కారం ఏమంత రుచించలేదు.

రెండో రోజుకు తెలివి వచ్చింది. మూడో రోజునుంచి బిళ్ళలు. వాటిని కొవ్వు వున్న పదార్థంతో వేసుకుంటేనే బాగా ఒంటబడతాయట. అందుకని పాలు తాగించారు.

మంచంమీద పడుకుని వుంటే మనిషికి గొప్పవాళ్ళు గుర్తుకు వస్తారు. 1914 ఆగస్టులో గాంధీగారు లండనులో దిగి, యుద్ధంలో గాయపడ్డవారి సేవకు భారతీయ విద్యార్థులను పోగుచేశారు. సరోజినీ నాయుడుగారు అప్పుడు అక్కడే వుండి, సైనికులకు బట్టలు కుట్టించే పనిలో వున్నారు. ఆయనకూ ఒక గుడ్డలమూట అప్పజెప్పి కుట్టించుకు రమ్మన్నారు. ఇంతలో గాంధీగారికి పక్కలో నీరు పట్టి మంచానపడ్డారు. సేవకు వెళ్ళినాయనకు డాక్టర్ జీవరాజ్ మెహతాగారు సేవ చెయ్యవలసి వచ్చింది. చివరకు వైద్యులే ఈ చలిదేశం వదిలి ఇంటికి పొమ్మంటే, డిసెంబరులో ఓడెక్కి 1915 జనవరి 9న బొంబాయిలో దిగారు. ఆ తరవాత 1938లో చైనాకు వెళ్ళిన అయిదుగురు భారతీయ వైద్యుల్లో షోలాపూరు కుర్రాడు కొట్నీస్ ఒకడు. షోలాపూరు అంటే మన పద్మశాలీలు వేలకు వేలు స్థిరపడ్డ వూరే. అతను తిరిగి రాలేదు. పగలూ రాత్రీ కోతలు కోసి, ఒళ్ళు చెడి, మూర్ఛలు వచ్చి 1942 డిసెంబరు 9న పోయాడు. ముప్ఫై రెండేళ్ళు. శాంతారామ్ గారి సినిమా మా నాన్నగారు చూసి వచ్చి పదేళ్ళు చెప్పారు.

వాళ్ళ సరసన నా పేరు చేర్చుకుందామని కొంతసేపు చూశాను. కుదరలేదు. నేను గ్లాసుడు నీళ్ళు తాగటానికి బద్ధకించి పడ్డాను.

మా ఆవిడకు ఫోను చేసి 'కాస్త జలుబు చేసింది, రెండు రోజులు మాట్లాడలేను' అని చెప్పమని డ్రైవరుతో చెప్పించాను. నాకు తెలియనిదేమంటే, అంతకుముందే సంస్థవారు నా కాగితాల్లో వున్న నెంబరుకు ఫోను చేసి వున్నదున్నట్టు చెప్పేశారు. ఆవిడ ఆ శనివారమే మందపల్లి వెళ్ళి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించి వచ్చింది. నాలుగో రోజున నేను గొంతు బాగు చేసుకుని ఫోను చేశాను.

"జలుబు తగ్గిందా?" అన్నది.

"తగ్గింది" అన్నాను.

"తెర కట్టుకున్నారా?"

నేను పలకలేదు.

"కప్పుకున్నారటగా" అన్నది. హెడ్మాష్టరుగారి భార్య చెప్పిందట సంస్థవారితో. వాళ్ళు చెప్పారట ఈవిడతో. ముప్ఫై ఆరేళ్ళ కాపరంలో ఆవిడ ఏడవటం నేను ఫోనులో వినటం అదే మొదలు.

తిరిగి వచ్చెయ్యమన్నది. సంస్థవారూ, వెళతానంటే పంపిస్తామన్నారు. నేను వుండిపోయాను, డిసెంబరుదాకా. అది మంచిపని అని ఇవాళ్టికీ గట్టిగా చెప్పలేను. ఆవిడ ఆ తొమ్మిది నెలలూ రాత్రిళ్ళు ఎట్లా పడుకుందో నాకు తెలుసు. ఒక్కటి మాత్రం నిజం: నేను పడ్డందువల్ల ఫారం టూ వాళ్ళకు అయిదు వారాల పాఠాలు పోయాయి. వాళ్ళే వంతులవారీగా బోరింగునుంచి నాకు నీళ్ళు మోశారు. హెడ్మాష్టరుగారి భార్య నా దుప్పట్లు ఉతికింది. నేను చెప్పటానికి వెళ్ళిన లెక్కలకన్నా నా మూలంగా వాళ్ళకు పడ్డ ఖర్చు ఎక్కువ. ఆ పాఠాలు సెలవుల్లో కూర్చోబెట్టి పూర్తిచేశాను. పిల్లలు సంతోషించలేదు.

ఏప్రిల్లో ఒకరోజు సాయంకాలం నా గుమ్మం ముందు ఆ తల్లి నిలబడి వుంది. వీపున గుడ్డతో కట్టిన పిల్ల. చేతిలో తట్ట, తట్టనిండా ఎండు ఉసిపాలు. ఆ పిల్లకు ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు, బతికింది. నేలమీద మోకాళ్ళు ఆనించి, రెండు చేతులతో తట్ట నా ముందు పెట్టి 'జికోమో, జికోమో' అన్నది. అంటే కృతజ్ఞత. మొదట నాకర్థం కాలేదు. హెడ్మాష్టరుగారు చెప్పారు: "మీ జీపులో ఎక్కించుకున్నందుకు." నేను ఎక్కించుకోలేదు, నాకు తెలివే లేదు, ఎక్కించింది మీ ఇంటావిడ అని చెప్పాను. ఆయన దాన్ని ఆమెకు చెప్పారో లేదో తెలియదు. ఆమె మాత్రం తట్ట వెనక్కు తీసుకోలేదు. నేను బుధవారమే పరీక్ష చేయించుకుని వుంటే మూడు రోజుల బిళ్ళలతో పోయేది. జీపు వచ్చేది కాదు. జీపు రాకపోతే? ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలదు. అటు ఫిబ్రవరిలో పోయిన పిల్లవాడి అన్న ఆ సాయంకాలం నాకు నీళ్ళు తెచ్చినవాడు. అతను బిందె దించి, ఆ పిల్ల బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు.

ఎండుచేపలు కోనసీమవాడికి కొత్తా? వండుకున్నాను. ఆవకాయ నంజుకుని తిన్నాను. మరుసటి ఏడాది, 2019 ఏప్రిల్లో, చంటిపిల్లలకు మలేరియా టీకా వెయ్యటం ప్రపంచంలో మొట్టమొదట మలావీలోనే ప్రారంభించారని పేపర్లో చదివినప్పుడు ఆ పిల్ల మొహమే కళ్ళముందు ఆడింది.

ఇదంతా విని కుర్రాడు, "నేను నర్సునండి, నాకు తెలుసండి" అన్నాడు.

"ఆయన సైన్సు మాష్టరు" అన్నది మా ఆవిడ.

అతనికి చెప్పవలసినవి చెప్పాను. ఉగాండాకు పచ్చజ్వరం టీకా లేనిదే రానివ్వరు. ప్రయాణానికి పదిరోజుల ముందైనా వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలో వేస్తారు. ఒక్కసారి వేస్తే జన్మంతా చెల్లుతుంది. ఆ పసుపు కార్డు పోగొట్టుకుంటే వచ్చేటప్పుడు మనవాళ్ళే ఆరు రోజులు ఆపుతారు. ఎందుకంటే ఆ జబ్బు మనదేశంలో లేదుగాని, దాన్ని మోసే దోమ వున్నది. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష. ఇంటికి తిరిగి వచ్చాక కూడా మూడు నెలలలోపు, ఆ మాటకొస్తే ఏడాదిలోపు, జ్వరం వస్తే డాక్టరు అడగకపోయినా 'నేను ఆఫ్రికానుంచి వచ్చాను' అని ముందే చెప్పాలి. ఇక్కడ టైఫాయిడని మందులిచ్చి కాలం గడిపేసే ప్రమాదముంది. బిళ్ళలు ఏవి వేసుకోవాలో డాక్టరు నిర్ణయిస్తారు. వేసుకుని పడుకోవద్దు అన్నాను. అతను ఒక కాగితంమీద రాసుకున్నాడు.

సాయంకాలం వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ పెట్టె సర్దుతున్నది. పూతరేకులు, సున్నుండలు, కొబ్బరినూనె, రెండు సీసాల ఆవకాయ. పెట్టె మూత పడటం లేదు. మా ఆవిడ సంచిలోంచి ఉతికి మడతపెట్టిన దోమతెర తీసింది. ఒక మూల చిరుగు వుంటే నల్లదారంతో కుట్టింది. నేను దాన్ని పెట్టెలో పక్కగా ఇరికించబోతుంటే, నా చేతిలోంచి తీసుకుని, పైనున్న సున్నుండల డబ్బా తీసి కుర్రాడి చేతికిచ్చి, తెరను అన్నిటికన్నా పైన పరిచి మూత వేసింది.

"సున్నుండలో?" అన్నది వాళ్ళమ్మ.

"దారిలో తింటాడులెండి" అన్నది మా ఆవిడ.